సువర్ణ ఇంట్లో స్టెప్నీ

"ఆ టైరు దింపెయ్ దాదా."

టికియాపారా రైల్వే క్వార్టర్ల సందులో, సన్నని ఆషాఢపు వానలో, తెల్లవారుజామున ఐదు గంటలకు సువర్ణ మృత్యుంజయతో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథలో హీరోయిన్ మొదటి డైలాగులో టైరు ఉండటం అరుదు. దాదా ఉండటం దారుణం.

దాదా అంటే బెంగాలీలో అన్నయ్య. కలకత్తాలో అందరూ దాదాలే. పాలవాడు దాదా, పోలీసు దాదా, బండి నడిపేవాడు మరీ దాదా. వాట్‌గంజ్‌లో పుట్టి పెరిగిన మృత్యుంజయ ఈ మాటను రోజుకు వందసార్లు వింటాడు. కానీ తడిసిన ముంగురులు వెనక్కి తోసుకుంటూ ఈ పిల్ల అనేసరికి గుండెలో ఎక్కడో గాలి లీకైంది.

"దింపడమేటి మేడమ్? అది స్టెప్నీ."

"అయితే ఏటి? నా డబ్బాలు ఇరవై. నీ బండిలో పద్దెనిమిదే పడుతున్నాయి. మిగతా రెంటి జాగాలో ఇదిగో, ఈ నల్లాయన కాళ్లు బారజాపి కూచున్నాడు."

"ఒకదాని మీద ఒకటి ఎట్టెయ్యండి."

"పులిసిన పిండి దాదా. పొంగుతాది, మూత లేపేస్తాది. మీద ఇంకో డబ్బా ఎడితే సాల్ట్ లేక్ చేరేసరికి నీ బండే పెద్ద ఇడ్లీ అయిపోద్ది."

సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లోని ఆఫీసు క్యాంటీన్లకు ఇడ్లీ పిండి రుబ్బి పంపడం సువర్ణ వ్యాపారం. ఏడు గంటలకల్లా పిండి అక్కడ ఉండాలి. ఇక మృత్యుంజయ పికప్ సంగతి. వాట్‌గంజ్‌లో దానికంటే పాతవి రెండే: గంగ, వాళ్ల నాన్న దగ్గు. స్టెప్నీ ఉండాల్సింది వెనక బాడీ కింద. దాన్ని మోసే చట్రం తుప్పు పట్టి ఎప్పుడో రాలిపోయింది. అప్పటినుంచీ ఆ టైరు బాడీలోనే, పెళ్లికి ముందే వచ్చి ముందు వరసలో కూచున్న చుట్టంలా, కదలకుండా ఉంటోంది.

"పోనీ కేబిన్ మీద కట్టుకో," అంది సువర్ణ.

"ఆ రేకు చూశారా? ఇప్పుడు లోపల వాన ఒక్కటే కురుస్తోంది. ఎక్కిస్తే టైరు కూడా కురుస్తాది."

"ముందు సీట్లో?"

"ముందు సీటు ఉంటే కదా మేడమ్."

సువర్ణ నవ్వు ఆపుకొంది. ఆపుకొన్న నవ్వు పూర్తి నవ్వుకంటే ప్రమాదం. ఆమె రుబ్బేది ఇడ్లీ పిండి, పిండేది ఎదుటివాడి గుండె. మృత్యుంజయ టైరు దింపి వరండాలో పెట్టాడు.

"బయటెట్టకు నాయనా," అంటూ లోపలినుంచి సువర్ణ మామ్మ అప్పమ్మ వచ్చింది. "ఈ సందులో చెప్పులు వదిలితే చెప్పకుండా పోతాయి. టైరుని ఉంచుతారేటి? లోపలెట్టు."

అలా ఆ స్టెప్నీ ఇంట్లోకి వెళ్లి గ్రైండరు పక్కన కుదురుకుంది. వెనకాలే మృత్యుంజయ కూడా వెళ్లాడు. టైరుకు కాళ్లు లేవు కదా.

అది రోజువారీ పద్ధతిగా మారిపోయింది. ఐదింటికి టైరు లోపల పెట్టడం, పిండి ఎక్కించుకోవడం. పదింటికి ఖాళీ డబ్బాలతో తిరిగి రావడం, టైరు తీసుకుని వాట్‌గంజ్ కిరాయిలకు పోవడం. డబ్బాలకు వరండా చాలు. టైరు మాత్రం నట్టింట్లో ఉంది. కాబట్టి మనిషి నట్టింట్లోకి రావాలి.

పదింటికి వచ్చేసరికి ఆ టైరు మీద అప్పమ్మ కూచుని తోటకూర వలుస్తూ ఉండేది.

"లేస్తావేటి మామ్మా?"

"లేస్తాను నాయనా. కట్ట అవనీ. ఈలోగా టీ తాగు."

కట్ట ఎప్పటికీ అయ్యేది కాదు. సువర్ణ గ్లాసుతో టీ తెచ్చేది.

"క్యాంటీన్‌లో ఏమన్నారు దాదా?"

"పిండి మెత్తగా ఉందన్నారు."

"ఇంకా?"

"తెల్లగా ఉందన్నారు."

"ఇడ్లీ పిండి తెల్లగా కాకపోతే నీలంగా ఉంటాదా? ఇది చెప్పడానికి అంతసేపు ఆలోచించావేటి?"

ఒకసారి టైరు ఎత్తగానే కిందనుంచి బల్లి ఉరికింది. మృత్యుంజయ ఎగిరి గుమ్మంలో పడ్డాడు.

"మృత్యుంజయ అని పేరెట్టింది ఎవరు దాదా?" అంది సువర్ణ.

"మా తాత. ఆయన మృత్యువు సంగతే చూసుకున్నాడు. బల్లి సంగతి చూళ్లేదు."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు. ఆ నవ్వు అతనితోపాటు బండెక్కింది. మర్నాడు విద్యాసాగర్ సేతు మీద వెళ్తుంటే పొడవాటి ఇనుప తీగల మీద వాన జారుతోంది. వాన వీణ వాయిస్తోందనుకున్నాడు. కింద నదిలో పడవలు నిద్రలో నడుస్తున్నట్టు కదులుతున్నాయి. అటు ఒడ్డు మబ్బులో కరిగిపోయి ఊరే లేనట్టుంది. పద్దెనిమిది డబ్బాలు పట్టే బండిలో ఇరవై డబ్బాలు, వాటితోపాటు ఒక నవ్వు. అయినా బండి తేలిగ్గా పోతోంది. ఇన్నాళ్లూ టైరులోకి గాలి కొట్టినవాడు, ఇప్పుడు తనే గాల్లో తేలుతున్నాడు.

శ్రావణంలో ఒకరోజు ఆ తేలడం ఆగింది. వంతెన ఎక్కే మలుపులో ఎడమ వెనక టైరు నిట్టూర్చి కూలబడింది. టైము ఐదూ నలభై. మూతల కింద పిండి పొంగడం మొదలైంది. స్టెప్నీ గ్రైండరు పక్కన హాయిగా ఉంది. మృత్యుంజయ ఫోన్ చేశాడు.

ఇరవై నిమిషాలకు వానను చీల్చుకుంటూ పసుపుపచ్చ టాక్సీ వచ్చి ఆగింది. వెనక సీట్లో సువర్ణ. పక్కన, కిటికీలోంచి ఊరు చూస్తున్నంత దర్జాగా టైరు.

ఆమె గొడుగు పట్టింది. అతను జాకీ ఎక్కించాడు. గొడుగు చిన్నది. అతని వీపు తడవకుండా చూడబోయి ఆమె పూర్తిగా తడిసింది.

"ఇన్నాళ్లూ ఇలా స్టెప్నీ లేకుండానే వంతెన దాటుతున్నావా?"

"అది మీ ఇంట్లో ఉంటే బండిలో ఎలా ఉంటాది?"

"నా రెండు డబ్బాల కోసమా?"

కాదు, అని చెప్పాలి. గొడుగు అంచున నీటి చుక్కలు ఒకటొకటే తెగిపడుతున్నాయి. ఆమె జవాబు కోసం చూస్తోంది. నట్లు విప్పడంలో వాట్‌గంజ్‌లో అతనికి సాటి లేరు. నోరు విప్పడం మాత్రం రాలేదు.

"అవును మేడమ్," అన్నాడు.

బండి ఏడుకు రెండు నిమిషాల ముందు సెక్టార్ ఫైవ్ చేరింది. వెళ్లేటప్పుడు ఆమె, "నెమ్మదిగా పో, మృత్యుంజయ్," అంది. దాదా అనలేదు. ఆ లోటు అతనికి రోజంతా తియ్యగా వినపడింది.

ఆదివారం సువర్ణ కబురు పెట్టింది. వెళ్తే ఆమె నాన్న కోదండం వీధిలో నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా కార్ షెడ్‌లో రైలుపెట్టెల కింద పడుకుని బోల్టులు బిగిస్తున్న ఫిట్టరు. మాట తక్కువ, బిగింపు ఎక్కువ. ఆయన చేతిలో కొత్త ఇనుప చట్రం, ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. గంటలో దాన్ని బాడీ కింద బిగించి, టైరును అందులో పడుకోబెట్టాడు.

"నేనే చేయించాను," అంది సువర్ణ, కళ్లు మెరుస్తుండగా. "ఇక స్టెప్నీ నీతోనే ఉంటాది, డబ్బాలూ పడతాయి. రోజూ మొయ్యక్కర్లేదు, లోపలికి రానక్కర్లేదు."

ఆమె ఇచ్చింది కానుక. అతనికి వినపడింది చివరి మాట ఒక్కటే. లోపలికి రానక్కర్లేదు.

"థాంక్స్ మేడమ్," అన్నాడు, టైరులాంటి మొహంతో.

మర్నాటినుంచి డబ్బాలు వరండాలో ఎక్కించుకోవడం, వరండాలో దింపడం. నాలుగు రోజులు. పదింటికి లోపల టీ మరిగేది, గ్లాసులో చల్లారేది.

"ఆడు టైరు కోసమే వచ్చేవోడేటే?" అంది అప్పమ్మ, నేలమీద కూచుని నడుం పట్టుకుంటూ.

"అవును మామ్మా. టైరు కోసమే." సువర్ణ ఆ గ్లాసును మామూలుకంటే గట్టిగా తోమింది.

అక్కడ మృత్యుంజయ వంతెన మీద వెళ్తున్నాడు. తీగల మీద వాన కురుస్తోంది గానీ వీణ లేదు. కింద పద్ధతిగా వేలాడుతున్న స్టెప్నీ మీద అతనికి పుట్టెడు కోపం. ఇంకో నాలుగు రోజులు ఇలాగే పోతే, తను ఆ ఇంటికి నిజంగానే బండివాడిగా మిగిలిపోతాడు. అంతకంటే మించి ఏదైనా అవ్వాలంటే ఆ గుమ్మం దాటాలి.

ఐదో రోజు పదింటికి బండి సందు మొగలో ఆపాడు. పానా తీసుకుని వానలో కిందికి దూరాడు. రెండు నిమిషాల తర్వాత టైరు దొర్లించుకుంటూ వరండా ఎక్కాడు.

"చట్రం వదులైపోయింది మేడమ్. రోడ్డు మీద పడిపోద్దేమోనని..."

సువర్ణ మొహంలో దీపం వెలిగింది. "లోపలెట్టు, లోపలెట్టు," అంటూ పక్కకు తప్పుకుంది. మృత్యుంజయ టైరును పాత చోట పెట్టాడు. అప్పమ్మ వెంటనే దానిమీద కూచుంది. అంతా సుఖంగానే ఉంది, లోపలి గదిలోంచి గొంతు వినపడేదాకా.

"ఎవరి చట్రం వదులైంది?"

కోదండానికి ఆరోజు సెలవు. కార్ షెడ్ ఫిట్టరు ఇంటికి వచ్చి, ఆయన బిగించింది వదులైందని చెప్పడం, వంటమనిషి ఇంటి పెళ్లిలో నిలబడి సాంబారులో ఉప్పు లేదనడం లాంటిది. ఆయన లుంగీ ఎగ్గట్టి, టార్చి తీసుకుని, వానలో బండి కిందికి వెళ్లిపోయాడు. సువర్ణ గుమ్మంలో నిలబడింది.

కోదండం తిరిగి వచ్చాడు. అరచేతిలో నాలుగు బోల్టులు, నాలుగు వాషర్లు, నాలుగు నట్లు, వరసగా.

"వదులైతే బోల్టు రోడ్డు మీద పడుతుంది," అన్నాడు నెమ్మదిగా. "ఇవి బాడీ అంచు మీద, కాగితంలో చుట్టి ఉన్నాయి. వదులవలేదమ్మా. విప్పారు."

ఆయన మృత్యుంజయ వైపు తిరిగాడు.

"ఎందుకు విప్పావు?"

అబద్ధాలు అయిపోయాయి. మృత్యుంజయ టైరుకేసి చూశాడు. దాని మీద అప్పమ్మ ఉంది, సాయం దొరకలేదు. సువర్ణకేసి చూశాడు.

"లోపలికి రావడానికి, బాబాయ్."

"టైరు పెట్టడానికా?"

"కాదు. టైరు లేకుండా రావడానికి ధైర్యం చాల్లేదు. మేడమ్ లోపలికి రానక్కర్లేదు అన్నారు కదా... నేను వచ్చేది టైరు కోసం కాదు. ఎప్పుడూ కాదు. ఆ రోజు వంతెన మీద కూడా రెండు డబ్బాల కోసం కాదు."

సువర్ణ చెంగుతో మొహం తుడుచుకుంది. గుమ్మంలోకి వాన జల్లు రావడం లేదు.

"మొయ్యలేక ఇబ్బంది పడుతున్నావని చెప్పాను," అంది. "రావద్దని కాదు. నాలుగు రోజులు టీ పెట్టి పారబోశాను, తెలుసా? ఇదేనేటి తెలివి?"

"తెలివి ఉంటే కాగితంలో చుడతానా మేడమ్?"

"మేడమ్ ఏటి ఇంకా?"

"సువర్ణా," అన్నాడు. అతని జీవితంలో అంత బరువైన వస్తువును అంత మెల్లగా ఎప్పుడూ దింపలేదు.

కోదండం బోల్టులు అతని చేతిలో పోశాడు. "ముందు ఇవి బిగించు. వాషరు ముందు, నట్టు తర్వాత. రేపు వంతెన మీద నువ్వే కాదు, నా కూతురి పిండి కూడా ఉంటుంది."

"బిగించి?"

"చేతులు కడుక్కుని లోపలికి రా."

"రేపు కూడానా?" అని సువర్ణ నాన్నను అడిగింది. ఆయన తలూపాడు. తర్వాత మృత్యుంజయను అడిగింది. "రేపు కూడా వస్తావా?"

"ఏ పని మీద?"

"ఏ పనీ లేకుండా."

అప్పమ్మ టైరు మీదనుంచి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండానే, చటుక్కున లేచింది.

"ఏ పనీ లేకుండా రోజూ ఇంటికొచ్చి టీ తాగి పోయేవోడ్ని," అంది తోటకూర దులుపుకుంటూ, "మా వైపు అల్లుడంటారు నాయనా."