పై ఇంటి బీరు కుళాయి

మా బెర్గెన్ ఊళ్ళో రోజూ వానే, ఎవరూ తలెత్తి చూడరు. కానీ ఆ శనివారం వాన నా పడకగదిలోనే పడింది. పైగా బీరు వాసన!

మెట్లెక్కి పై ఇంటి తలుపు బాదాను. జుట్టంతా నురగతో ఒకమ్మాయి తీసింది.

"నా పరుపు తడిసిపోయింది!"

"నా బీరు నేలపాలైంది. ఎవరి బాధ పెద్దదంటారు?"

"అసలేం చేస్తున్నారు లోపల?"

"రండి, చూద్దురుగాని. తిట్టేదేదో ఈ పైపు పట్టుకుని తిట్టండి."

పోట్లాటకి వెళ్ళినవాణ్ణి వంటింట్లో మోకాళ్ళ మీద తేలాను. పాత ఫ్రిజ్‌లో స్టీలు పీపా, పక్కన గ్యాస్ సిలిండర్, తలుపుకి కన్నం పెట్టి బిగించిన ఇత్తడి కుళాయి. పీపాలో తను సొంతంగా కాచిన బీరు. పైపు క్లిప్పు ఊడి అదే నా మీద కురిసిందన్నమాట. అమ్మాయి పేరు సునీవా. నా పేరు హోవర్ అని చెప్పాను.

"సాయంత్రం మా అమ్మమ్మ వోస్ ఊరి నుంచి వస్తోంది," అంది క్లిప్పు బిగిస్తూ. "చెక్కపీపాలోది తప్ప బీరు కాదంటుంది. ఇది నచ్చితే, బీరుని పులియబెట్టడానికి తరతరాలుగా కాపాడుకొస్తున్న మా ఇంటి ఈస్టు నా చేతికిస్తుంది. నచ్చకపోతే మావయ్యకి."

"నచ్చుతుందా?"

"నచ్చి తీరాలి."

కుళాయి తిప్పింది. గ్లాసు నిండా నురగే. మళ్ళీ తిప్పింది. మళ్ళీ నురగే.

"గ్యాస్ ఎక్కువైందేమో?"

"కాదు, పైపు పొట్టిదైంది. బీరు ఉరుకుతూ వస్తే ఇంతే. కాస్త దూరం నడిపిస్తే దారికొస్తుంది. పొడుగు పైపు కావాలి, కొట్టు మూసే వేళైంది..."

"నేను తెస్తా."

"ఈ వానలోనా?"

"ఎలాగూ తడిసే ఉన్నాను కదా!"

పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో కొండ దిగేదాకా నాకే తట్టలేదు. తిరిగొచ్చేసరికి నా బూట్లలో చెరువులున్నాయి. తను పైపు కడిగి, ఫ్రిజ్‌లో చుట్టలు చుట్టి బిగించింది. ఈసారి తేనెరంగు బీరు నెమ్మదిగా దిగింది, పైన రెండు వేళ్ళ నురగ.

"వచ్చేసింది, హోవర్!" అంటూ నా మెడ చుట్టూ చేతులు వేసేసింది. వెంటనే తీసేసింది. అంత వెంటనే తీయనక్కర్లేదనిపించింది.

బోర్గిల్ అమ్మమ్మ వచ్చింది. కుళాయిని కోడలి వంట చూసినట్టు చూసింది. ఒక గుక్క తాగింది. గ్లాసు ఖాళీ చేసి, సంచీలోంచి చిన్న ఈస్టు సీసా తీసి సునీవా చేతిలో పెట్టింది.

"మా అమ్మ నాకిచ్చింది. చావనివ్వకు."

సునీవా కళ్ళు తుడుచుకుంది. అమ్మమ్మ నావైపు తిరిగింది.

"ఈ తడిసినబ్బాయెవరు?"

"ఎవరో ఇంకా తేలలేదు అమ్మమ్మా. నాకైతే నచ్చాడు," అంది సునీవా, బెదురూ లేదు, తడబాటూ లేదు.

నా చెవులు కాలిపోయాయి. "మరి నీకో, అబ్బాయ్?" అంది అమ్మమ్మ.

"తలుపు తీసినప్పుడే నచ్చేసిందండీ."

అమ్మమ్మ ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. "అయితే నింపు. నిటారుగా కాదు, వంచి పట్టు. మా ఇంటి అల్లుళ్ళకి ముందది రావాలి."

కుళాయి కింద గ్లాసు నిటారుగానే పట్టాను. సునీవా చేయి నా చేతి మీదకొచ్చి గ్లాసుని సరిగ్గా వంచింది.