అల్యూమినియం ముక్క

"శుక్రవారం వంతెనలు పేలతాయి," అన్నాడు చీఫ్ ఏజెంట్ గద్దతో. "ఏ వంతెనలో కోటుగాడి కంప్యూటర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. కాపీ చేసుకురా."

కోటుగాడంటే విదేశీ ముఠా నాయకుడు. మండుటెండలో కూడా కోటు విప్పడు గనక డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. అతని సెక్రటరీ మన మనిషే. లిప్‌స్టిక్, హైహీల్స్, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. ముఠా మాత్రం ఆమె తమ మనిషే అనుకుంటోంది. పొద్దున కంప్యూటర్ ఆమె పాడుచేస్తుంది, రిపేరువాడి వేషంలో ఏజెంట్ గద్ద వెళ్తాడు. అదీ ప్లాను.

ఆమె సొంతక్క మన ల్యాబ్‌లో టెక్నీషియన్. గద్దకి డేటా కాపీ చేసుకోడానికి వేలెడంత ఎస్.ఎస్.డి. డ్రైవ్ ఇచ్చింది. దాని వీపున వేడిని లాగేసే అల్యూమినియం ముక్క, హీట్‌సింక్.

"ఈ కిరీటం దేనికక్కా? గేములాడే కుర్రాళ్ళ సోకు," అన్నాడు గద్ద.

మామూలు వాడకానికి అక్కర్లేదనీ, ఏకబిగిన అంత డేటా మింగిస్తే మాత్రం డ్రైవ్ వేడెక్కి, కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుందనీ ఆవిడ ఓపిగ్గా చెప్పింది. గద్ద ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. అతనికి తెలియని విషయం లోకంలో ఉందంటే ఒప్పుకునే రకమా!

పెట్టుడు మీసం, టోపీ, టూల్‌బ్యాగ్. కోటుగాడి గదిలో కేబినెట్ విప్పాడు. డ్రైవ్ దూర్చబోతే హీట్‌సింక్ వెళ్ళి పైనున్న గ్రాఫిక్స్ కార్డుకి తగిలింది. కార్డు తీసి వేరే స్లాట్‌కి మార్చాలి, రెండు మరలు. ఎవడు విప్పుతాడని హీట్‌సింక్‌నే పీకేశాడు.

కాపీ మొదట గుర్రంలా పరిగెత్తింది. సగం దాటాక నత్తయింది. డ్రైవ్ మీద వేలు పెట్టాడు. చురుక్కుమంది. నెమ్మదిస్తుందన్న అక్క మాట అప్పుడు గుర్తొచ్చింది.

చెవిలోని రిసీవర్‌లో సెక్రటరీ గొంతు. "సార్, మీ కాఫీ చల్లారింది."

కోటుగాడు పైకి వస్తున్నాడు, వెంటనే వెళ్ళిపో అని దానర్థం. వెళ్తే వంతెనలు పోతాయి. ఉంటే ముందు అనుమానం రిపేరువాణ్ణి పిలిపించిన ఆమె మీదే. టోపీతో విసిరాడు. పొయ్యి ఊదినట్టు నోటితో ఊదాడు. ఇంత పెద్ద ఏజెంటు, సిగ్గు సిగ్గు! బార్ కొంచెం కదిలింది. బూట్ల చప్పుడు మెట్లెక్కుతోంది.

అప్పుడు కెవ్వున కేక. ఏదో దొర్లిన చప్పుడు. బూట్లు వెనక్కి పరిగెత్తాయి.

కాపీ పూర్తయింది. డ్రైవ్ లాక్కుని, మూత బిగించి కిందికి దిగాడు. మెట్ల కింద ఆమె పడుంది. కాలు వంగకూడని చోట వంగింది. కోటుగాడు ఫోన్‌లో అంబులెన్స్ కోసం అరుస్తున్నాడు. కావాలనే దొర్లిందని గద్దకి ఒక్కడికే అర్థమైంది.

"మెకానిక్కూ, పనయిందా?" అంది పళ్ళ బిగువున.

"అయిందమ్మా," అన్నాడు. రిపేరువాడు ఆగకూడదు గనక ఆమెని దాటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ దాటిన అడుగు అతన్ని రాత్రంతా తొక్కుతూనే ఉంది.

శుక్రవారం ఏ వంతెనా పేలలేదు. ముఠా మొత్తం దొరికింది. చీఫ్ అందరి ముందూ గద్ద భుజం తట్టాడు. ఆ చెయ్యి అతనికి నిప్పులా తగిలింది.

అందరూ వెళ్ళాక డ్రైవ్ తీసుకుని ల్యాబ్‌కి వెళ్ళాడు. పాత కంప్యూటర్, అందుకే ఆలస్యమైందని చెప్పేద్దామని దారంతా మాట పేర్చుకున్నాడు. అక్క మొహం చూడగానే ఆ మాట వదిలేశాడు.

"హీట్‌సింక్ నేనే పీకేశానక్కా. మరలు విప్పడానికి బద్ధకించి. నీ చెల్లి కాలు విరిగింది నా వల్లే."

ఆవిడ డ్రైవ్ అందుకుని దాని బోడి వీపుని వేలితో తడిమింది.

"ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్‌కైతే అక్కర్లేదు," అంది. "మా చెల్లి పక్క గదిలో ఉంటే కావాలి. వెళ్ళి దానికే చెప్పు. నీ మాట రానివ్వకుండా, హీల్ జారిందని డాక్టర్లందరికీ చెబుతోంది పిచ్చిది."

గద్ద ఆసుపత్రికి బయల్దేరాడు. శత్రువు ఇంట్లోకి వేషం వేసుకుని దర్జాగా నడిచినవాడు, ఆ వార్డు గుమ్మం దగ్గర మాత్రం అరగంట నిలబడ్డాడు.