ఇంకో యోరున్ వద్దు

"వద్దు! ఆ పేరు మాత్రం వద్దు! ఈ ఇంట్లో ఇంకో యోరున్ వద్దే వద్దు!"

మార్గిత్ ముసలమ్మ చేతిలోని కాఫీ కప్పు సాసర్‌లో ఠంగుమని పడింది. ఆదివారం మధ్యాహ్నం... వేడివేడి వాఫుల్స్ మీద జున్ను పలచగా కోసి వేసుకుంటూ అందరూ నవ్వుకుంటున్న సమయం! ఏడో నెల కడుపుతో వచ్చిన మనవరాలు సున్నివా ఏమంది పాపం? "ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరే పెడతాను, యోరున్ అని" అంది, అంతేగా! మనవరాలి నోట ఆ మాట విని ఏ అమ్మమ్మయినా మురిసిపోవాలి. ఈవిడ మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"అమ్మమ్మకి ఏమైందమ్మా? నేనేమన్నానని?" సున్నివా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పెద్దదైపోయింది కదే... పట్టించుకోకు" అంది యోరున్, వాఫుల్ పెనం తోముతూ. ఆ పెనాన్ని అప్పటికే ఒకసారి తోమేసిన సంగతి ఆమెకి గుర్తే లేదు.

పట్టించుకోకుండా ఎలా ఉంటుంది? అది ఆమె పేరు! యాభై తొమ్మిదేళ్ళుగా మోస్తున్న పేరు! తన కన్నతల్లి ఒక్కనాడు, ఒక్కసారైనా తనని నోరారా పిలవని పేరు! తల్లి ఎప్పుడూ 'వెస్లా' అనే పిలిచేది. చిన్నపిల్ల అని దాని అర్థం. వాళ్ళుండే లోయలో ప్రతి ఇంట్లోనూ ఒక వెస్లా ఉంటుంది, కొందరిళ్ళల్లో ఆవుదూడక్కూడా అదే పేరు. చిన్నప్పుడు అడవిలో నీలిపళ్ళు కోస్తూ పిల్లలంతా దారితప్పితే, మిగతా తల్లులు పిల్లల్ని పేరుపేరునా పిలుచుకున్నారు. మార్గిత్ మాత్రం "వెస్లా... వెస్లా!" అని గొంతు చించుకుంది. ముగ్గురు పిల్లలు పరుగెత్తుకొచ్చారు, ఒక్కరూ ఆమె కూతురు కాదు! ఊరంతా నవ్వింది. పొద వెనకనుంచి బయటికొచ్చిన యోరున్ మాత్రం నవ్వలేదు. 'అమ్మకి నా పేరంటే ఎందుకంత అసహ్యం? నేనంటేనా?' అని ఆనాడు పుట్టిన అనుమానం, పెళ్ళయినా, భర్త పోయి మళ్ళీ తల్లీ కూతుళ్ళిద్దరే ఈ ఇంట్లో మిగిలినా, మనసులో అలాగే ఉండిపోయింది.

"పోనీలేమ్మా. గురువారం వంశవృక్షం రాసే ఆయన వస్తాడు, గుర్తుందా?" అంది సున్నివా ముక్కు తుడుచుకుంటూ. "పాప బాప్తిజానికి ఫ్రేము కట్టించి ఇద్దామని పెట్టుకున్నాను. నాన్నవైపు సులువుగానే దొరికారట. నీ వైపే, తాతయ్య దగ్గర ఆగిపోయాడట."

* * *

గురువారం మార్గిత్ చర్చి హాల్లో ముసలమ్మల అల్లికల గుంపుకి వెళ్ళిన వేళకి ఐవిన్ వచ్చాడు. ఊళ్ళూ వంశాలూ తవ్వడమే ఆయన వృత్తి. మనిషి మర్యాదస్తుడే. కాకపోతే, పోయినవాళ్ళ గురించి మాట్లాడుతూ బతికున్నవాళ్ళు ఎదురుగా కూర్చున్నారని మరిచిపోతాడు.

"మీ నాన్నగారు తార్జెయ్ లియెన్ నన్ను ముప్పుతిప్పలు పెట్టారండీ!" అంటూ పెద్ద కాగితం బల్లమీద పరిచాడు. "లియెన్ అనే పేరుతో ఎంత వెతికినా పుట్టుకే లేదు. చివరికి తట్టింది... పొలం మారితే ఇంటిపేరూ మారిపోతుంది కదా మన దగ్గర! ఆయన అసలు పైలోయలో నూర్‌బో పొలం మనిషి. అది అమ్మేసి ఇక్కడ లియెన్ కొనుక్కున్నారు. ఆ పేరుతో, పొలాలవారీగా కుటుంబాలన్నీ రాసిన పైలోయ ఊరి పుస్తకం తిరగేస్తే, ఇదిగో, దొరికారు!"

"పైలోయా? నాన్న ఎప్పుడూ చెప్పలేదే..."

"తార్జెయ్ నూర్‌బో. భార్య యోరున్, ప్రసవంలో మరణించింది. కూతురు యోరున్. తర్వాత పొలం అమ్మి వెళ్ళిపోయారు."

యోరున్ కెటిల్ బల్లమీద పెట్టేసింది. "భార్య... యోరునా? మా అమ్మ పేరు మార్గిత్ అండీ!"

ఐవిన్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఇబ్బందిగా దగ్గాడు. "అయితే మార్గిత్‌గారు మిమ్మల్ని పెంచిన తల్లి అయి ఉండాలండీ. మీకు తెలుసనుకున్నాను... కంటూ తల్లి పోతే బిడ్డకి ఆ తల్లి పేరే పెట్టేవారు, ఆచారం. ఆ పుస్తకం రాసినాయన తేదీల దగ్గర మహా పిసినారి, ఒక్క సంవత్సరమూ వెయ్యలేదు. మీరు పుట్టిన ఏటి చర్చి పుస్తకం బయటివాళ్ళకి ఇంకా తెరవలేదు. మీరే రాసి అడిగితే వారంలో కాపీ పంపిస్తారు."

కాగితం మీద ఆమె గడికి పైన, తల్లి గడిలో, నల్లటి అక్షరాలతో ఆమె పేరే ఉంది. యోరున్ కూతురు యోరున్! మార్గిత్ ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఆయన వెళ్ళిపోయాక యోరున్ బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టి అలాగే కూలబడిపోయింది. అందుకా...! అందుకేనా అమ్మ నన్ను పేరుపెట్టి పిలవనిది! పరాయి కడుపున పుట్టానని! అవునవును, అన్నీ సరిపోతున్నాయి! సరిపోతున్నాయా? ధనుర్వాతమొచ్చి బతకదన్నప్పుడు ఆస్పత్రి వరండాలో కుర్చీ దిగకుండా కూర్చున్నది ఎవరు? తన ఉన్ని కోటు విప్పదీసి నాకు లంగా కుట్టి, చలికాలమంతా నాన్న పాతకోటు తొడుక్కుని తిరిగింది ఎవరు? సవతి బిడ్డకి అలా చేస్తారా? చేస్తే దేవతే! మరి దేవతకి నా పేరు చేదెందుకైంది? కన్నతల్లి మట్టిలో ఉంటే ఇన్నాళ్ళూ ఎవరి గొంతుకోసం చెవులు రిక్కించుకు కూర్చున్నాను నేను...? ఏడవాలో, చేతులెత్తి మొక్కాలో, నిలదీయాలో ఆమెకి అర్థం కాలేదు. కాపీ కోసం చర్చికి రాద్దామా అనుకుంది. వారం రోజులు ఈ భోజనాల బల్ల ముందు, అమ్మ ముఖం ఎదుట ఏమీ ఎరగనట్టు కూర్చోవడం తనవల్ల అవుతుందా?

తలుపు చప్పుడైంది. మార్గిత్ బూట్లు విప్పుకుంటూ లోపలికొచ్చింది, చేతిలో వేలెడంత పాప మేజోళ్ళు. "వెస్లా, దుంపలు మాడుతున్నాయే! ముక్కు పనిచెయ్యట్లేదా?"

"అమ్మా..." యోరున్ లేచి నిలబడింది. "నన్ను కన్నదెవరు?"

మేజోళ్ళు నేలమీద పడ్డాయి.

ముసలమ్మ చూపు బల్లమీది కాగితం మీద పడింది. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలితో గీతలు తడుముకుంటూ చూసింది. తన పేరు వెతుక్కుంది. కనపడలేదు. ఆ ముఖం అలా పాలిపోవడం యోరున్ ఎన్నడూ చూడలేదు.

"ఇక్కడా ఆమేనా?" అంది మార్గిత్ మెల్లగా. "కడుపుకూడా ఆమెకే ఇచ్చేశాడా ఇది రాసిన మహానుభావుడు? నిన్ను కన్నది నేనే! మంత్రసాని వచ్చేలోపే మంచు దారి మూసేసింది. ఒక్కదాన్నే... మీ నాన్నమ్మ దీపం పట్టుకుని నించుంది, అంతే! ఆ యోరున్ మీ నాన్న మొదటి పెళ్ళాం. నేను ఆ గుమ్మం తొక్కకముందే, కాన్పులో బిడ్డతో సహా పోయింది."

"మరి... నా పేరు? ఊరి పుస్తకంలో ఆమె పక్కనే రాశారు..."

"పుస్తకం రాసినవాడికీ మీ ఐవిన్‌కీ ఒక ఆచారమే తెలుసు కాబోలు. ఇంకోటుంది. రెండో పెళ్ళాం మొదటి ఆడపిల్లకి, పోయినావిడ పేరు పెట్టాలి. లేకపోతే ఆవిడకి శాంతి ఉండదట! మీ నాన్నమ్మ పట్టుపట్టింది. నాకప్పుడు ఇరవై మూడు, కొత్త కోడల్ని. మాట్లాడతానా? నా బిడ్డకి నా సవతి పేరు పెట్టడానికి చర్చికి నేనే ఎత్తుకెళ్ళాను."

మార్గిత్ కుర్చీలో కూర్చుంది. అప్పటికి దుంపలు నిజంగానే మాడిపోయాయి. ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

"మీ నాన్న మంచివాడే, తప్పు పట్టను. సాయంత్రం చేను గట్టుమీద నిలబడి 'యోరూన్...' అని కేకేసేవాడు. ఎంత ప్రేమగా పిలిచేవాడో! నువ్వు పరుగెత్తేదానివి. నేను కిటికీ దగ్గర నిలబడి... ఎవర్ని పిలుస్తున్నాడా అనుకునేదాన్ని. నిన్నా? ఆమెనా? ఏనాడూ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం! ఇక్కడికొస్తే తీరుతుందని, నీకు ఊహ తెలియకముందే పైలోయ పొలం అమ్మించాను. తీరలేదు. నీతోపాటే వచ్చింది కదా ఆ పేరు."

"నాతో ఒక్కమాట చెప్పకూడదా అమ్మా! నేనంటే నీకు గిట్టదనుకున్నాను... పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను!"

"పిచ్చిదానా!" అంది మార్గిత్. "ఆ పేరు వాళ్ళు పెట్టారు. వెస్లా ఒక్కటే నేను పెట్టుకున్నాను. ఎవర్నీ అడక్కుండా పెట్టుకున్నాను! దాంట్లో మాత్రం ఎవరికీ వాటా లేదు."

యోరున్ తల్లి ఒళ్ళో తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. మార్గిత్ నెరిసిన ఆ జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

"సున్నివాని పెట్టుకోమను ఆ పేరు. ఆ పాపకి అది అమ్మమ్మ పేరు, అంతే... దాంట్లో ఇంకెవరూ ఉండరు. నేనూ అలవాటు చేసుకుంటాలే. ఇప్పట్నుంచే..." పెదవులు కూడదీసుకుంది. "యో..."

యోరున్ చటుక్కున లేచి తల్లి నోటిమీద చెయ్యి పెట్టింది. జీవితమంతా ఎదురుచూసిన పిలుపు, అరచేతి కింద ఆగిపోయింది.

"వద్దమ్మా. నన్ను మాత్రం నా పేరుతోనే పిలు."

* * *

మర్నాడు పొద్దున్నే ఆమె ఐవిన్‌కి ఫోన్ చేసింది. ఆయన పది రకాలుగా క్షమాపణలు చెప్పుకున్నాడు.

"అదేం లేదండీ. తల్లి గడిలో మార్గిత్ అని రాయండి. మొదటి యోరున్‌ని, ఆమె బిడ్డని కూడా తీసెయ్యకండి, నాన్న పక్కన ఉంచండి. నా గడిలో, యోరున్ పక్కన వెస్లా అని చేర్చండి."

"అది ముద్దుపేరు కదండీ... వంశవృక్షంలో బాప్తిజం పేరే రాస్తాం."

యోరున్ వంటింట్లోకి చూసింది. కిటికీ దగ్గర తల్లి పాపకి ఇంకో జత మేజోళ్ళు అల్లుతోంది.

"రాయండి బాబూ" అంది. "నాకు మా అమ్మ పెట్టిన పేరు అదొక్కటే."