తిరిగి రాని డిజైన్

"పదకొండు పేర్లు," అన్నాడు డైరెక్టర్. "బోర్డర్ అవతల పనిచేస్తున్న మన ఏజెంట్లు. రేపు సాయంత్రం నాలుగున్నరకి ఆ లిస్ట్ శత్రువు చేతికి వెళ్తుంది. నాలుగు ముప్పై ఒకటి నుంచి వాళ్లు చనిపోవడం మొదలవుతుంది."

ఢిల్లీలో కిటికీలు లేని గది. స్క్రీన్ మీద చద్దర్ దుప్పటి బట్టతో కుట్టిన కెమెరా బ్యాగ్.

"షోలాపూర్, కొంతం చౌక్ బజార్. ఒకే దుకాణంలో ఇలాంటివి నలభై ఉంటాయి. ఒక్కదానిలోనే లిస్ట్. శత్రువు పంపే కొరియర్ దాన్ని పట్టుకెళ్లేలోపు నువ్వు దాన్ని కనిపెట్టాలి. ఎలా దాచారో తెలీదు. ఏ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌కీ దొరకదని మాత్రం వాళ్లు గొప్పలు చెప్పుకుంటున్నారు." డైరెక్టర్ ఫైల్ తిప్పాడు. "అక్కడ తెలుగువాళ్లు ఎక్కువట. నీకు తెలుగు రాదుగా?"

"రాదు సార్," అంది ప్రాజక్త.

ఫైల్‌లో ఉన్నది అదే. మాతృభాష మరాఠీ, సొంతూరు పుణె, తండ్రి టెక్స్‌టైల్ బిజినెస్. శత్రుదేశపు మంత్రి చెప్పుల సైజు కూడా తెలిసిన డిపార్ట్‌మెంట్ ఆ మూడు గడులనూ సరిచూడలేదు. ప్రాజక్త పుట్టింది షోలాపూర్ నీలం నగర్‌లో. బిజినెస్ అంటే ఒక పాత పవర్‌లూమ్, దాని పక్కన బీడీలు చుట్టే అమ్మ.

"నీతో నమ్రత వస్తుంది," అన్నాడు డైరెక్టర్.

నమ్రత డిపార్ట్‌మెంట్‌లో స్టార్. ఆమె స్కార్ఫ్ కట్టుకుంటే ఆ వారం ఆఫీసంతా అదే రంగు. ఆమె ముందు ప్రాజక్త తన ఇంగ్లీషును కూడా ఇస్త్రీ చేసి మాట్లాడేది.

మర్నాడు మూడున్నరకి ఇద్దరూ కొంతం చౌక్ జనంలో ఉన్నారు. కవర్: ముంబై పెళ్లి ఫొటోగ్రాఫర్లు. ప్రాజక్త గాగుల్స్‌లో మైక్రో స్కానర్. చెవిలో ఇయర్‌పీస్. 'మూడు లెన్స్‌లు పడతాయా?' అని మైక్‌లో అంటే చాలు, సందు చివర మఫ్టీలో ఉన్న పోలీసులు వచ్చేస్తారు.

దుకాణం ద్రౌపదిది. పెదాల మధ్య సూది పెట్టుకునే మాట్లాడగల మనిషి. ప్రాజక్త నలభై బ్యాగులూ ఒక్కొక్కటే తెరిచింది. పాకెట్లు, జిప్పులు, అడుగున ఫోమ్. స్కానర్ ఒక్కసారే బీప్ అంది. అది ద్రౌపది నోట్లో సూది.

"అర్ధగంట సంది పిసుకుతున్నరు," ద్రౌపది పక్క దుకాణానికి వినబడేలా తెలుగులో అంది. "పిల్లను సూడవోయినోళ్లు సుత గింతసేపు సూడరు."

ప్రాజక్త నవ్వు మింగింది. ఆమెకు తెలుగు రాదు కదా.

నాలుగు పదిహేను. నమ్రత వాచీ చూసుకుంది. "బట్ట చూడు," అంది. "డిజైన్ ఎక్కడైనా తేడాగా ఉందేమో." ఆ సలహా ఆమెకెలా తట్టిందని ప్రాజక్త అడగలేదు.

అప్పుడే బట్టల మూటతో ఒక మోపెడ్ వచ్చి ఆగింది.

"ప్రాజూ! ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? ఇంటికి రాకనే బజార్ల తిరుగుతున్నవా?"

పెంటప్ప. ప్రాజక్త వాళ్ల నాన్న. చొక్కా నిండా దూది పీచు. రెండేళ్లలో ఇంకొంచెం వంగిపోయాడు. చెయ్యి అప్పటికే ఆమె తల దాకా వచ్చింది.

నమ్రత కనుబొమ్మ ఎత్తింది.

"కౌన్ హో ఆప్?" అంది ప్రాజక్త హిందీలో. "మీరెవరో నాకు తెలీదు."

కవర్ కాపాడుకోవడం డ్యూటీ. కానీ ఆ మాట నాలుక మీదికి అంత సులువుగా ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు. పుణె ఇంజనీరింగ్ హాస్టల్ గేటు దగ్గర ఇదే మనిషిని చూపించి, 'మా ఫ్యాక్టరీలో పనిచేస్తాడు' అని ఫ్రెండ్స్‌తో చెప్పింది. అప్పుడు ఆయన విననట్టు గేటు మీద బోర్డు చదువుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు ఏ దేశమూ ప్రమాదంలో లేదు.

పెంటప్ప చెయ్యి గాల్లోంచి మెల్లగా దిగింది. "మాఫ్ కరా, బాయి," అని మరాఠీలో క్షమాపణ అడిగాడు, కొనడానికొచ్చిన ఏ గిరాకీతోనైనా అన్నట్టు.

"అద్దాలు మార్పియ్యే, పెంటప్పన్నా," అంది ద్రౌపది. "గాగుల్ పెట్టుకున్న మేమ్‌సాబ్‌ను పట్టుకొని బిడ్డా అంటవ్!"

"కండ్లు సక్కగ అగుపడ్తలేవు," అన్నాడు పెంటప్ప. ఇంకెటు చూడాలో తెలీక బ్యాగుల వైపు చూశాడు. నేతగాడు గనక ఒకదాని మూత తిరగేసి, బట్ట వెనకవైపు ముందు చూశాడు. "ద్రౌపదీ, గిది ఎవరికీ అమ్మకు. ఢిల్లీ ఆయన అట్టలు ఇచ్చి నేయించిండే, గా బట్ట గిది."

"ఏ అట్టలు?"

"జకార్డ్ అట్టలు. మగ్గానికి డిజైన్ చెప్పే బొక్కల అట్టలు. మూడు వందలు. పాపం, ఎవడు పొడిచిండో గని బొక్కలన్ని తప్పే. ఒకపారి వచ్చిన డిజైన్ మల్ల తిరిగి వస్తనే లేదు. గసొంటి తప్పు బట్ట నా మగ్గం మీద దిగితే నీలం నగర్‌ల మొఖం ఎట్ల చూపియ్యాలె? మొదటి ఇరవై అట్టలు ఉంచి, కడ్మయి తీసేసిన. ఇప్పుడు సూడు, ఎంత ముద్దుగ తిరుగుతుందో!"

ప్రాజక్త బట్ట మీదికి వంగింది. బొక్క ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. లిస్ట్ బ్యాగులో లేదు, బట్టలోనే నేశారు. కంప్యూటర్‌కి పూర్వీకులు ఈ అట్టలేనని ఫస్టియర్‌లో సార్ చెబితే, వాటిని జన్మలో చూడనిదానిలా నోట్సు రాసుకున్న పిల్ల తను.

"సరిచేసేశాడు!" అనేసింది నమ్రతతో. "తప్పనుకుని డిజైన్ మొత్తం సరిచేసేశాడు!"

నమ్రత నవ్వింది. "నీకు తెలుగు రాదన్నావుగా?"

ఆమె కెమెరా లెన్స్ పెంటప్ప డొక్కకి ఆనింది. లెన్స్ అంచులో సన్నటి ఉక్కు గొట్టం. కొరియర్ ఎవరో ప్రాజక్తకు అప్పుడు అర్థమైంది.

నాలుగు ఇరవై ఆరు. నమ్రత రెండో చేత్తో బ్యాగు మూతను ఫోన్‌లో స్కాన్ చేసింది. డీకోడ్ అయిన అక్షరాలు స్క్రీన్ మీద వరసకట్టాయి: టాప్ సీక్రెట్. టాప్ సీక్రెట్. టాప్ సీక్రెట్. మొదటి ఇరవై అట్టల్లో ఉన్నది హెడ్డింగ్ ఒక్కటే.

"మిగతా అట్టలెక్కడ?" నమ్రత పెంటప్పను హిందీలో అడిగింది.

"ఏమంటుంది ఈమె?" అన్నాడు పెంటప్ప తెలుగులో, ద్రౌపది వైపు తిరిగి. హిందీలో బేరమాడి, మరాఠీలో పోట్లాడి, నలభై ఏళ్లు ఇదే బజార్లో బతికిన మనిషి. ద్రౌపది సూది నోట్లోంచి తీసి గజంబద్ద దగ్గరికి జరిగింది.

"అడుగు," అంది నమ్రత ప్రాజక్తతో. "మీ నాన్నేగా. ముక్కు ఒకటే. అరవకు, మైక్ ముట్టుకోకు. రెండు నిమిషాలు."

ఇంగ్లీషు ముక్క ఒక్కటి దొర్లినా నమ్రతకు తెలిసిపోతుంది. అచ్చంగా తెలుగులోనే రెండు వాక్యాలు అనాలి. ప్రాజక్త ముందు ఒక్క మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"నాయినా. దాని చేతుల ఉన్నది తుపాకి."

"ఎరుకనే. నీ మొఖం సూస్తనే ఎరుకైంది. నువ్వు పక్కకు జరుగు."

"ఏమంటున్నాడు?" అంది నమ్రత.

"ఇంట్లో ఉన్నాయట. నీకే ఇస్తాడట," అంటూ ప్రాజక్త ఒక అడుగు జరిగింది.

పెంటప్ప వినయంగా బ్యాగు అందించాడు. నమ్రత చెయ్యి చాపేలోపే బ్యాగు బెల్టు కెమెరా పట్టుకున్న ఆమె మణికట్టుకి చుట్టుకుంది. తెగిన పోగును నడిచే మగ్గం మీద ముడివేసే వేళ్లు అవి. ఒక్క గుంజు. లెన్స్ నేలకి వంగి, వేలాడుతున్న బ్యాగులోంచి పేలింది. ప్రాజక్త ఆమె మెడ మీద పడింది. ద్రౌపది గజంబద్ద మిగతా పని చేసింది.

"మూడు లెన్స్‌లు పడతాయా?" అని ప్రాజక్త మైక్‌లో రొప్పేసరికి నాలుగున్నర.

"నా సంచికి బొక్కవెట్టింది, ముండ!" అంది ద్రౌపది. "గిది ఇగ ఎవరు కొంటరు?"

ఇన్‌స్పెక్టర్ నమ్రతకు సంకెళ్లు వేయించి పెంటప్ప వైపు తిరిగాడు. "ఈ పెద్దాయన ఎవరు మేడం?"

"మా నాన్న," అంది ప్రాజక్త.

పెంటప్ప తలెత్తలేదు. "లేదు సాహెబ్," అన్నాడు శుద్ధమైన మరాఠీలో. "ఈ బాయి ఎవరో నాకు తెలీదు. సామాను దింపడానికొచ్చాను. పాపం, భయానికి ఏదో మాట్లాడుతోంది."

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ చూశాడు. పెంటప్పనే నమ్మాడు. ప్రాజక్తకు మంచినీళ్లు తెప్పించాడు.

ఆమె ఆ గ్లాసు పక్కన పెట్టి మోపెడ్ దగ్గరికి వెళ్లింది. పెంటప్ప మోపెడ్ స్టార్ట్ చేస్తూ పక్కకి వంగాడు.

"కడ్మ అట్టలు మీ అమ్మ బీడీల చాట కింద ఉన్నయి. వచ్చి తీస్కపో," అన్నాడు గుసగుసగా. "ఏం ఫికర్ చేయకు. వాడకట్టుల ఎవరన్న అడిగితే గిరాకీ అని చెప్త."

పదకొండు మంది బతికారు. ప్రాజక్త మోపెడ్ వెనక సీటెక్కింది. గిరాకీలను ఎవరూ అలా ఎక్కించుకోరని తెలిసీ, ఆయన మోపెడ్‌ను నీలం నగర్ వైపు తిప్పాడు.