కుందేలంత కుప్ప

పొద్దున లేవగానే భద్రమ్మ చాయ్ కూడా తాగకుండా బాల్కనీలోకి వెళ్లింది. కోదాడలో కొడుకు చరణ్ కిరాయికి ఉంటున్న ఆ మేడ మీది ఇంట్లో, తనదనిపించే చోటు ఆమెకు ఆ బాల్కనీ ఒక్కటే. అక్కడ చెక్కపెట్టెకు జాలీ కొట్టి చేసిన గూట్లో రెండు కుందేళ్లు ఉంటాయి. బూడిద రంగు దానికి మబ్బు అని మనవరాలు మోక్షిత పేరు పెట్టింది. తెల్లదానికి జున్ను అని భద్రమ్మ పెట్టింది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె నేరేడుచర్ల దగ్గరి పల్లెలో బర్రెలను సాకింది. మోకాళ్లు మొరాయించాక, కిందటి ఏడాది చివరి బర్రెను కూడా తెలిసినవాళ్లకు ఇచ్చేసి కొడుకు దగ్గరికి వచ్చింది. వచ్చిన కొత్తలో తెల్లవారితే చేతులకు పని దొరికేది కాదు. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. కోడలు కరుణ వేసిన పోపు చాలలేదనేది, ఉప్పు ఎక్కువైందనేది. కూతురి పుట్టినరోజుకని చరణ్ కుందేళ్లను తెచ్చాక, ఎవరూ చెప్పకుండానే వాటి మేత పని ఆమె చేతికి వచ్చింది. అప్పటి నుంచి వంటింటికి కొంచెం శాంతి దొరికింది.

ఆమె వాటిని కొట్టంలో బర్రెలను చూసినట్టే చూసింది. పాలు పితికే వేళకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మేత. తవుడులో నూకలు కలిపి, గోరువెచ్చని నీళ్లతో తడిపి ముద్ద చేసేది. ముద్ద అయ్యాక పిడికెడు గడ్డి. కాసేపటికి మిగిలిన గడ్డి తీసేసి గూడు ఊడ్చేది. తిన్న పశువు పడుకుని నెమరు వేసుకోవాలి, అప్పుడు దాని ముందు మేత ఉండకూడదు. అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. కుందేళ్లు ఎప్పుడు చూసినా మూతి ఆడిస్తూనే ఉండేవి. నెమరు బాగా వేస్తున్నాయి, ఒంటికి పడుతోంది అని ఆమె మురిసిపోయేది.

ఆ పొద్దున మాత్రం మబ్బు గూటి మూలన వీపు గూని చేసుకుని కూర్చుంది. రాత్రి పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. ఊడ్వడానికి వంగిన భద్రమ్మకు ఆ మూలన ఒక్క పెంటిక కూడా కనిపించలేదు. ఆమె చేయి చీపురు మీదే ఆగిపోయింది.

కరుణ ఒక ప్రైవేటు బడిలో టీచరు. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వచ్చి, అలిగినట్టుంది అని క్యారెట్ ముక్క చూపించింది. మబ్బు మొహం తిప్పుకుంది. బడి బట్టలతో వచ్చిన మోక్షిత దాన్ని ఒళ్లోకి తీసుకుంది. కడుపు గట్టిగా బిగుసుకుని ఉంది. పిల్ల ఏడుపు ఆపుకుంటూ తల్లి ఫోన్ తీసుకుని వెతకసాగింది. కుందేలుకు ముఖ్యమైన తిండి ఎండుగడ్డేనని, అది రాత్రీ పగలూ గూట్లో ఉండాలని, తవుడు, గింజలు మంచివి కావని పైకి చదివింది. చదవడం ఆపి తలెత్తి చూసింది.

"నానమ్మా, గడ్డి నువ్వెందుకు తీసేస్తున్నవ్?"

భద్రమ్మ జవాబు చెప్పేలోపే కరుణ అందుకుంది. "అడుగు, బాగా అడుగు. ఈ ఇంట్లో ఎవరెంత తినాలో, ఎప్పుడు తినాలో అంతా మీ నానమ్మ కొలతే. మనకైనా, నోరు లేని వాటికైనా."

"నాకెప్పుడన్న సెప్పినవా, గిట్ల పెట్టొద్దని?" అంది భద్రమ్మ.

"చెప్తే వింటారా అత్తయ్యా? కూరలో కారం సంగతే వినరు మీరు."

"నా సేతి మేత తిన్న జీవం ఒక్కటి నేల పట్టలే. మా ఊర్ల ఎవర్నన్న అడుగు."

అది నిజమే. కానీ ఆ నిజం మబ్బును లేపలేకపోయింది. మోక్షిత కుందేలును గుండెకు హత్తుకుని, గొంతు పెంచకుండానే అంది. "ఇంక నువ్వు వీటికి ఏం పెట్టొద్దు నానమ్మా. మబ్బు చచ్చిపోతే నీతో మాట్లాడను."

కోడలి మాటలు భద్రమ్మకు అలవాటే. పిల్ల నోటి నుంచి వచ్చిన ఈ మాట అలాంటిది కాదు. గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. మిర్యాలగూడలో ఉన్న కూతురి దగ్గరికి పోతుందేమోనని కరుణ అనుకుంది. భద్రమ్మ మంచి చీర కట్టుకుని, చేతిలో అట్టపెట్టె, పాత తువ్వాలతో బయటికి వచ్చింది.

"దవాఖాన యాడుందో ఫోన్ల సూడు. పోదాం పా."

హుజూర్‌నగర్‌లో విత్తనాల దుకాణంలో పనిచేసే చరణ్ మొదటి బస్సుకే వెళ్లిపోయాడు. కోదాడ పశువుల డాక్టరు ఆ రోజు టీకాలు వేయడానికి పల్లెలకు వెళ్లాడని తెలిసింది. సూర్యాపేటలో కుక్కలను, పిల్లులను, కుందేళ్లను చూసే ఒక డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. కరుణ బడికి సెలవు చెప్పింది. ముగ్గురూ సూర్యాపేట బస్సెక్కారు.

దారంతా అత్తాకోడళ్లు మాట్లాడుకోలేదు. ముందు సీట్లో మోక్షిత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెట్టెలో కోడి ఉందా అని కండక్టరు అడిగాడు. కుందేలని తెలిసి, పక్క సీటాయన కూర బాగుంటుందన్నాడు. భద్రమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"నీ ఇంట్ల పిల్లకు పానం బాగలేకుంటే, దవాఖానకు తోలుకపోతవా, పొయ్యి మీద పెడ్తవా?"

మోక్షిత వెనక్కి తిరగలేదు కానీ, ఆ పిల్ల భుజాలు ఒకసారి కదలడం కరుణ చూసింది. నవ్వు ఆపుకుంటోందేమో. భద్రమ్మ మాత్రం తువ్వాల కిందికి చేయి పెట్టి మబ్బు పొట్టను మెల్లగా నిమురుతూనే ఉంది. ఉబ్బిన దూడకు రాసినట్టు, పక్క నుంచి కిందికి. ఎక్కడా నొక్కడం లేదు. ఆ చేయి సూర్యాపేట వచ్చేదాకా ఆగలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మబ్బు పొట్టకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. పేగు కదలిక దాదాపు ఆగిపోయిందని చెప్పి, రోజూ ఏమేం పెడుతున్నారని అడిగింది.

"తవుడు, నూకలు. రెండు పూటల. నేనే పెడ్త," అంది భద్రమ్మ, దాచకుండా.

కరుణ చీర కొంగు సర్దుకుంది. చాయ్ తాగేటప్పుడు తానూ బిస్కెట్లు పెడుతుంటానని మెల్లగా చెప్పింది. మోక్షిత నేల చూపులు చూస్తూ, బడి నుంచి రాగానే అరటిపండు తానే పెడతానంది. నాన్న బ్రెడ్డు పెడతాడని కూడా చెప్పేసింది. అక్కడ లేనివాడి పేరు చెప్పడం సులువు కదా. డాక్టరమ్మ పెదవుల చివర నవ్వు కనిపించి మాయమైంది. మరి గడ్డి ఎంత పెడుతున్నారని అడిగింది.

"పిడికెడు. మిగిలితే తీసేస్త. నెమరు ఏసుకోవాలె గద."

"కుందేలు నెమరు వేయదమ్మా."

భద్రమ్మ నమ్మలేనట్టు చూసింది. "ఎప్పుడు సూసినా మూతి ఆడిస్తది గదమ్మా."

"అది ముక్కు ఆడించడం. వాసన చూస్తుంది," అని డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీ బర్రె కడుపులో పెద్ద సంచి ఉంటుంది. గబగబా నింపుకుని, తర్వాత తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని నములుతుంది. కుందేలుకు ఆ సంచి లేదు. లోపలికి పోయినదాన్ని ముందుకు నెట్టేది మళ్లీ తినే గడ్డే. గడ్డి ఆగితే పేగూ ఆగుతుంది."

బర్రె కడుపు సంగతి భద్రమ్మకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఒక్క మాటతో అంతా కళ్లకు కట్టింది. తాను చేసిన పద్ధతి మంచి పద్ధతే. కానీ ఆ పద్ధతి వేరే కడుపుది.

అదే తిండి తిన్న జున్నుకు ఏమీ కాలేదెందుకని మోక్షిత అడిగింది. డాక్టరమ్మ ఆలోచిస్తుండగా కరుణకు చప్పున తట్టింది. గూడు ఊడ్చేటప్పుడు బయటికి వదిలితే, జున్ను బాల్కనీ మూలనున్న గడ్డి చీపురు కొరుకుతుంది. చీపురు పొట్టిదైపోతోందని తాను రోజూ దాన్ని తిడుతూనే ఉంది.

"తిట్టకండి. దాన్ని చీపురే కాపాడింది," అంది డాక్టరమ్మ. చీపురు కూడా ఇక దానికి అందనివ్వొద్దని, అసలైన గడ్డే పెట్టమని చెప్పింది.

రోజుకు ఎంత గడ్డి పెట్టాలని కరుణ అడిగింది. కుందేలు ఎంత ఉంటే అంత కుప్ప, అది కూడా తక్కువలో తక్కువ, గూట్లో గడ్డి లేని గడియ ఉండకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. వరిగడ్డిలో బలం తక్కువ, దుమ్ము ఎక్కువ. మందు కొట్టని చోట గరిక కోసి ఎండబెట్టుకుంటే అంతకంటే మంచిది లేదంది. మబ్బుకు చర్మం కిందికి సెలైన్ ఎక్కించి, నొప్పికి సూది వేసింది. సిరంజితో నోట్లో పోయాల్సిన మేత పొడి, ఒక చిన్న పొట్లం ఎండుగడ్డి ఇచ్చింది. రేపు పొద్దుటికల్లా అది గడ్డి కొరకాలి, పెంటికలు వేయాలి. లేకపోతే బతకడం కష్టమని ఉన్నదున్నట్టు చెప్పింది.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక భద్రమ్మే ముందు మాట్లాడింది.

"కొలత నాదే తప్పింది కరుణా. నీ మీద గూడ గట్లనే కొలత పెట్టిన్నా?"

కరుణ పెట్టె మీద తువ్వాల సరిచేసింది. ఆ తర్వాత అత్త మాటనే అరువు తెచ్చుకుని, "జర ఎక్కువే అత్తయ్యా," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే భద్రమ్మ కళ్లు తుడుచుకుంది.

కోదాడలో దిగగానే వాళ్లు ఇంటికి పోలేదు. కాలనీ చివర, మేకలు మేసే ఖాళీ ప్లాట్ల దగ్గర భద్రమ్మ ఆటో ఆపించింది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా గొంతుక్కూర్చుని, మట్టి రాకుండా గరికను వేళ్లతో తుంచసాగింది. బడికి కట్టే ఇస్త్రీ చీరతోనే కరుణ ఆమె పక్కన కూర్చుంది. ముదురు కాడలు కాదు, ఆకున్నవి తీయాలని భద్రమ్మ చూపించింది. మోక్షిత పెట్టె పట్టుకుని దూరంగా నిలబడి చూసింది. కాసేపటికి పెట్టెను చెట్టు నీడలో పెట్టి, తానూ వచ్చి తుంచింది. నానమ్మతో మాత్రం మాట్లాడలేదు.

గరికను డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో పలచగా పరిచారు. ఎండలో వేస్తే రంగూ వాసనా పోతాయని భద్రమ్మకు తెలుసు. సాయంత్రం డాక్టరమ్మ ఇచ్చిన గడ్డిని మబ్బు వాసన చూసి వదిలేసింది. కరుణ సిరంజితో కొద్దికొద్దిగా పోసింది. చరణ్ ఇంటికి వచ్చి సంగతి విని, తన బ్రెడ్డు సంగతి కూడా బయటపడిందని తెలిసి తల గోక్కున్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారింది. భద్రమ్మ డాబా మీదికి వెళ్లి, సగం వాడి కమ్మగా వాసన వస్తున్న గరిక తెచ్చింది. గూటి ముందు నేల మీద కూర్చుంది. ఒక్క పోచ తీసి మబ్బు మూతి దగ్గర పెట్టింది. బలవంతం చేయలేదు, పిలవలేదు. పోచ వణకకుండా మోచేతిని మోకాలికి ఆనించుకుంది. చిక్కిన దూడల ముందు ఆమె ఎన్నోసార్లు ఇలాగే కూర్చుంది.

మబ్బు ముక్కు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. పోచ కొస పళ్ల మధ్యకు వెళ్లింది. నెమ్మదిగా పోచ పొట్టిదవుతూ వచ్చి, భద్రమ్మ వేలు దాకా వచ్చేసింది. ఆమె ఇంకో పోచ పెట్టింది. అదీ పోయింది. ఎప్పుడు వచ్చారో, వెనక కరుణ, చరణ్, మోక్షిత ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు.

చరణ్ మొదటి బస్సు వదిలేశాడు. రెండో బస్సు కూడా వదిలేశాడు. కరుణ చాయ్‌లు బాల్కనీలోకే తెచ్చింది. కుటుంబమంతా ఒక కుందేలు వెనక భాగం వైపు కళ్లార్పకుండా చూస్తూ కూర్చోవడం, ఎదురింటి ఆమె బట్టలు ఆరేస్తూ చూసి ఏమైందని అడిగింది. పెంటికల కోసం చూస్తున్నామని చరణ్ నిజమే చెప్పాడు. ఆమె తడి బట్టలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

ఎండ గూటి మీదికి వచ్చేసరికి మబ్బు లేచి, నాలుగడుగులు వేసి, ఒళ్లు సాగదీసింది. అది కూర్చున్న చోట నల్లగా, చిన్నగా ఒకటి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే మరొకటి.

భద్రమ్మ ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఏసింది," అంది. మోక్షిత పరుగున వచ్చి నానమ్మ మెడను చుట్టేసింది. చరణ్ చప్పట్లు కొట్టాడు. కరుణ అత్త పక్కనే నేల మీద చతికిలబడి, ఏడుస్తూ నవ్వింది. కాసేపటికి భద్రమ్మ మిర్యాలగూడలోని కూతురికి ఫోన్ చేసి, పెంటిక ఎంత గుండ్రంగా ఉందో, ఎంత పొడిగా ఉందో పూసగుచ్చినట్టు చెప్పింది. పంట ఇంటికొచ్చినంత సంబరం ఆ గొంతులో.

వారం తిరిగేసరికి డాబా మీద గరిక ఆకుపచ్చ రంగు పోకుండా ఎండింది. మోక్షిత దాన్ని చేతుల నిండా ఎత్తుకొచ్చి, గూటి ముందు ఆగిపోయింది.

"నానమ్మా, నువ్వే పెట్టు. నాకు ఎంత పెట్టాల్నో తెలుస్తలేదు."

భద్రమ్మ గడ్డి అందుకుని గూట్లో వేసింది. చాలునా అని పిల్ల అడిగింది. ఇంకాస్త వేసింది. ఇప్పుడైనా చాలునా అని కరుణ అడిగింది. భద్రమ్మ తల అడ్డంగా ఊపి, ఇంకో చేతినిండా వేసింది.

"సాలు అనేటోళ్లు ఎవరు, మనమా? అవే సెప్తయి."

కుప్ప పెరిగి పెరిగి మబ్బు కనిపించకుండా పోయింది. జున్ను చెవులు కూడా మునిగిపోయాయి. గూట్లో గడ్డి తప్ప ఏమీ కనిపించడం లేదు. ముగ్గురూ వంగి చూస్తుండగా, లోపల కరకరమని చప్పుడు మొదలైంది. కుప్ప మెల్లగా కదిలింది.