పద్నాలుగో నంబరు షాపు

ఎర్రటి చుక్క ఒకటి ఆమె చేతి మీద వాలింది. అక్కణ్ణుంచి ఫ్యాను మోటారు మీదికి, ఆపైన గోడ మీదికి పాకింది. ఆమె రాగితీగ చుట్టడం ఆపి తలెత్తింది. షట్టరు బయట మెడలో ఐడీ కార్డు, చేతిలో లేజరు కొలతల మెషీనుతో ఒక యువకుడు నిలబడి ఉన్నాడు.

"ఏం కొలుస్తున్నారు?"

"షాపు లోతండీ."

"నన్నడిగారా?"

"మీరు పనిలో ఉన్నారని..."

"పనిలో ఉంటే చెప్పకుండా కొలుచుకుపోతారా? రేపు చెప్పకుండా కూలగొడతారు కూడా!"

"కూలగొట్టేది నేను కాదండీ. నేను కొలిచేవాణ్ణే."

"కొలిచాకే కదా కూలగొట్టేది!"

అతను మెషీను జేబులో పెట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

ఆ వీధికి అనుమానం జబ్బు పట్టుకుని ఆర్నెల్లయింది. వీధంతా పడగొట్టి పదంతస్తుల కాంప్లెక్స్ కడతామనీ, ఇప్పుడు నడుస్తున్న షాపులకు అందులో కింది అంతస్తులో చోటిస్తామనీ కంపెనీవాళ్ళు మీటింగు పెట్టి చెప్పారు. ఇస్తారో, నోట్లో మట్టి కొడతారో ఎవరికీ తెలియదు. చివరనున్న సైకిలు షాపు అప్పుడే అద్దాల కాఫీ షాపైపోయింది. ఫోటో స్టూడియో ఆయన ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా ఖాళీ చేశాడు. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే చాలు, 'వీళ్ళు సంతకాలు పెట్టేశారేమో' అని మూడోవాడి గుండెల్లో రాయి పడేది.

మోటార్ల వైండింగ్ షాపు ఆమె తండ్రిది. ముప్పై ఏళ్ళు తీగ చుట్టిన చేతికి వణుకు పట్టుకున్నాక, ఆ పని కూతురు అందుకుంది. ఆయన మూల స్టూలు మీద కూర్చుని చుట్లు వినికిడితోనే లెక్కపెట్టి, తప్పు పోతే దగ్గేవాడు. వీధంతా ఆమెను వైండింగమ్మాయి అనేది. కొత్తగా వచ్చిన సర్వేయరుకు ఆ వీధే 'టేపు' అని పేరు పెట్టింది.

రెండు రోజులకు టేపు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు, చంకలో టేబుల్ ఫ్యానుతో.

"తిరగట్లేదండీ."

ఆమె విప్పి చూసింది. "దీనికేం రోగం లేదు. వైరు ఊడింది, అంతే."

"అవునా! నాకు కరెంటు పని తెలీదండీ."

"ఊడిందా, ఊడదీశారా?"

అతను సీలింగు వైపు చూశాడు.

ఆ తర్వాత మిక్సీ వచ్చింది. ఇస్త్రీ పెట్టె వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక ప్రశ్న. షాపు ఎన్నింటికి తెరుస్తారు? ఎప్పుడైనా మూస్తారా? ఎన్నేళ్ళైంది పెట్టి? ఆమె సగం ప్రశ్నలకు స్క్రూడ్రైవరు టకటకలాడించి జవాబు చెప్పేది. అయినా పొద్దున్నే దువ్వెన ఇంకోసారి ఎందుకు తీస్తోందో ఆమెకే అర్థం కాలేదు. తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఎదురుగా సెలూన్ బాబాయి గడ్డం గీస్తూనే కేకేశాడు. "జాగ్రత్తమ్మాయ్! వాడి కళ్ళు షాపు మీదున్నాయో నీ మీదున్నాయో తేలట్లేదు!"

"రెంటి మీదా ఉంటే బాబాయ్?"

"అప్పుడింకా జాగ్రత్త!"

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దంచికొట్టింది. టేపు తడిసి ముద్దై షాపులోకి దూరాడు. బాబాయి సెలూన్ ముందు కట్టిన టార్పాలిన్ పట్టా గాలికి లేచిపోతుంటే, చేతిలోని ట్యాబ్ కౌంటరు మీద పెట్టి పరుగెత్తాడు. పట్టా కొస పట్టుకుని అతను గాలితో కుస్తీ పడుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ట్యాబ్ వైపు చూసింది.

నవ్వు ఆగిపోయింది.

తెర నిండా ఆమె ఫోటోలు. తీగ చుడుతూ ఒకటి, వంగి వార్నిష్ పూస్తూ ఒకటి. పైన ఎర్ర అక్షరాలు: 'నం. 14. మూసి ఉంది.'

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆమె నిప్పులా ఉంది.

"ఇదా మీరు చేస్తున్న పని? దొంగచాటుగా ఫోటోలు తీసి, తెరిచున్న షాపుని మూసుందని రాస్తారా?"

"అది నేను రాసింది కాదండీ. నాకంటే ముందొచ్చినవాళ్ళు రాశారు. ఆరోజు మీ షట్టరు దించుంది."

ఆరోజు నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళిన సంగతి ఆమెకు గుర్తొచ్చింది.

"మూసున్న షాపుకి కొత్త బిల్డింగులో చోటు రాదు. నడుస్తోందని రుజువు కావాలి. అందుకే ఫోటోలు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"లిస్టు తేలేదాకా సర్వేవాళ్ళం షాపువాళ్ళకి చెప్పకూడదని రూలు."

"నా షాపు సంగతి నాకు చెప్పకూడదా! మిమ్మల్నెలా నమ్మమంటారు?"

"నమ్మొద్దు," అన్నాడతను నీరసంగా. "ఆఫీసుకెళ్ళి మీరే అడగండి."

మర్నాడు ఆమె నిజంగానే వెళ్ళింది. కంపెనీ ఆఫీసులో కళ్ళజోడు మేడమ్ ఫైలు తీసి నిట్టూర్చింది.

"పద్నాలుగా? దీని మీద మా సర్వేయరు పెద్దసారుతో వాదన పెట్టుకున్నాడమ్మా. ఈ పొద్దున్నే అతన్ని వేరే సైటుకి వేసేశారు. ఫోటోలైతే ఉన్నాయి. మూడు రోజులవి చాలు, తొమ్మిది రోజులవి పెట్టాడు. కానీ 'మూసి ఉంది' అన్నది తప్పని చెప్పే అభ్యంతరం కాగితం మీద సంతకం మీరే పెట్టాలి. రేపటితో గడువు ఆఖరు."

ఆమె ఆ కాగితం ప్రతి లైనూ రెండుసార్లు చదివింది. వెనక్కి తిప్పి ఖాళీ పేజీ కూడా చూసింది. అప్పుడు సంతకం పెట్టింది.

మూడు వారాలకు లిస్టు గోడకెక్కింది. పద్నాలుగో నంబరు ఎదురుగా 'నడుస్తున్నది' అని ఉంది. వీధంతా గోల గోలగా ఉంటే ఆమె మాత్రం రోడ్డు మలుపు వైపు చూస్తూ నిలబడింది. ఇన్నాళ్ళూ ఒక మనిషిని అనుమానించిందే తప్ప, అతని ఫోన్ నంబరైనా అడగలేదు.

ఆ సాయంత్రం అతను వచ్చాడు. మెడలో కార్డు లేదు. చేతిలో ఏ సామానూ లేదు.

"ఏం పాడైంది ఈసారి?" అందామె, తల వంచుకునే.

"ఏమీ పాడవలేదండీ."

"రుజువుకి మూడుసార్లు చాలట. నువ్వు తొమ్మిదిసార్లొచ్చావ్."

'మీరు' కాస్తా 'నువ్వు'గా మారడం అతను గమనించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మూడూ ఆఫీసు పని. మిగతా ఆరూ నా సొంత పని."

మూల నుంచి తండ్రి గట్టిగా దగ్గాడు. "బాబూ, అలాంటి సొంత పనులు షాపులో మాట్లాడరు. పెద్దవాళ్ళతో ఇంటికొచ్చి మాట్లాడతారు."

ఆమె అప్పటికీ అనుమానంగానే చూసింది. "మీ అమ్మగారికి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"చూశావా నాన్నా!"

అతను అక్కడే నిలబడి ఫోన్ తీశాడు. "అమ్మా, ఆదివారం నీకేం పనుల్లేవుగా? ఒకళ్ళింటికెళ్ళాలి... ఆ, నువ్వూ రావాలి... ఎవరంటే... ఆగు, ఆ అమ్మాయే చెబుతుంది."

ఫోన్ ఆమె ముందుకొచ్చింది. వార్నిష్ అంటిన చేతులు గబగబా తుడుచుకుని, ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్తే అండీ," అంది, రెండో చేత్తో జుట్టు సర్దుకుంటూ.