నోట పెట్టరాని దారం

సిరిసిల్లలో సారయ్య తన సాంచ మీదనే వాలిపోయి చనిపోయాడు. పక్క మరమగ్గాలు టకటకలాడుతూనే ఉన్నాయి. చేతిలో దారం కండె ఉండే నాడె, పెదవుల మధ్య తెల్లదారం. నాడె కంట్లోంచి దారాన్ని నోటితో పీల్చి లాగడం పాతకాలం నేతగాళ్ల అలవాటు. చూసినవాళ్లు గుండెపోటన్నారు. నిఘా విభాగం ఏజెంట్ సామేలు ఒక్కడే ఆ దారాన్ని కవర్లో వేసి జగిత్యాలలోని తమ ఆఫీసుకు పంపాడు.

మూడోరోజు పొద్దున జగిత్యాలలో, జిరాక్స్ షాపు మీది గదిలో బ్రీఫింగ్. చీఫ్ సుమిత్ర నేరుగా విషయానికి వచ్చింది.

"దారంల విషముంది. చెమటకు కరిగి ఒంట్లకు దిగుతది. సారయ్యది ట్రయల్. అసలు సరుకు హాస్టల్ పిల్లల యూనిఫాం బట్ట, కోరుట్ల గోదాముల ఉంది. ఇయ్యాల పదకొండుకు ఎల్లుతది."

"గోదామే సీజ్ చేద్దాం మేడం," అన్నాడు సామేలు.

"చేస్తే దీని ఎనుకున్న విదేశీ ముఠా జారిపోతది. వేల థాన్లల్ల విషపుయి ఏవో పట్టు. లోపల మన మనిషి సుమలత ఉంది."

పెన్నులాంటి పరికరం ముందుకు జరిపింది. మొనకు సూది, సూదిలో వెంట్రుకంత ఫైబర్, వెనక చిన్న లైటు.

"బెల్లం అచ్చు ఎరుక గద? విషం అణువు చుట్టూ పాలిమర్ పోసి, గట్టిపడ్డంక అణువును కడిగేసిన్రు. దాని అచ్చు మిగిలింది. అండ్ల ఆ అణువే కూసుంటది, ఇంకోటి కూసోదు. చెరువుల చిటికెడున్నా పట్టుకొని లైటేస్తది."

ఎర్ర ఫైబర్లు విషానికి, సూదుల్లో ముందే ఎక్కించి ఉన్నాయి. పచ్చది ఒక్కటే, విడిగా, విరుగుడుకు.

"సరుకు ముట్టేటోళ్లు విరుగుడు మాత్ర చప్పరించే ముడుతరు. పచ్చదాని సంగతి మనిద్దరికే ఎరుక. ఆఁ, వీటిని నోట్ల పెట్టొద్దు. డబ్బా మీద రాయమంటే ల్యాబోళ్లు ఇంక రాయలే."

పది గంటలకు కోరుట్ల గోదాములో సామేలు హమాలీ. తలకు తువ్వాల, భుజాన కొక్కెం. సుమలత బట్టల కంపెనీ ఏజెంటు వేషం: నల్లకళ్లద్దాలు, ఘుమఘుమలాడే సెంటు.

"బంగినపల్లి ఉన్నయా అక్కా?"

"కాలం దాటింది. తోతాపురి తిను తమ్మీ."

కోడ్ కుదిరింది. సామేలు ఒక్కో థానులోంచి దారం పీకి గ్లాసు నీళ్లలో ముంచి, అందులో ఎర్ర ఫైబర్ పెట్టాడు. ముప్పై థాన్లు అయ్యాయి. లైటు వెలగలేదు.

"ఈడ లేదు గద, సరుకు నిన్ననే షోలాపూర్ దాటింది. నడువ్, ఎంబడి పడుదాం," అంది సుమలత.

గేటు దగ్గర నిండు లారీ ఒకటి స్టార్టయింది. పదకొండుకు నాలుగు నిమిషాలు. ఎవరి నోట విరుగుడు ఉందో హమాలీల చాయ్ గ్లాసుల అంచుల్లో చూడడమే ఇక మిగిలింది అనుకొని సామేలు పచ్చ ఫైబర్ తీశాడు. అది సూదిలో దూరడం లేదు.

సుమలత నవ్వింది. "గీ మొద్దు చేతులకు ఏడ దూరుతది? ఇటు తే. సారయ్య పెదనాయిన దగ్గర ఆరేండ్లప్పుడే నేర్సుకున్న."

ఫైబర్ కొనను పెదవుల మధ్య తడిపి, ఒక్క ఊపులో దూర్చేసింది.

పెన్ను ఏ గ్లాసునూ ముట్టలేదు. అయినా పచ్చలైటు వెలిగింది.

సామేలు ఆమె నోటివైపు చూశాడు. "సరుకు నిన్ననే పోతే, ఇయ్యాల మాత్ర ఎందుకు ఏసుకున్నవ్ అక్కా?"

ఆమె చేయి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. పిస్తోలు బయటికి రాగానే అతని కొక్కెం దాన్ని ఎగరగొట్టింది. హమాలీ వేషంలోని ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను పట్టుకున్నారు. సామేలు అప్పటికే పెన్ను అందుకొని పరుగెత్తుతున్నాడు.

లారీ ముందు చక్రాలు రోడ్డెక్కాయి. ఫుట్‌బోర్డు మీదికి దూకి, కిటికీలోంచి చేయి పెట్టి తాళంచెవి లాగేశాడు. ఎర్ర ఫైబర్ సూది మార్చాడు. టార్పాలిన్ కింద నాలుగో థాను. ఎర్రలైటు. పదకొండు.

తిరిగొచ్చేసరికి సుమలత ఒక బట్టల బేలు మీద కూర్చుని ఉంది. కళ్లద్దాలు లేవు.

"గా విషపు దారం కండె పెదనాయిన సాంచకు పోతదనుకోలే," అంది మెల్లగా.

"మరి ఎవల సాంచకు పోవాలనుకున్నవ్?"

ఆమె చేతి వెనకతో పెదవులు తుడుచుకుంది.

సాయంత్రం సుమిత్ర ఫోన్ చేసింది. "ఏది పట్టిచ్చింది? ఎర్రదా, పచ్చదా?"

"సారయ్య నేర్పిన అలవాటు, మేడం." సామేలు పచ్చ ఫైబర్‌ను డబ్బాలో పెట్టాడు. "ల్యాబోళ్లకు చెప్పుండ్రి, డబ్బా మీద ‘నోట్ల పెట్టొద్దు’ అని ఇప్పట్ల రాయొద్దని."